పెట్టె మీద 200 ఉందని మిషను కొనకండి

"మాస్టారూ, ఇంట్లో చిన్నాచితకా పనులకి వెల్డింగ్ మిషను ఏది కొనమంటారు?" అని ఈమధ్య అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నేను వెల్డర్ని కాను, లెక్కల మాస్టర్ని. ఒడిశా గజపతి జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో వారమంతా ఒడియాలో లెక్కలు చెప్పి, ఆదివారం పర్లాకిమిడిలో మా పెరట్లో ఇనుము కాలుస్తూ కూచుంటాను. కుండీల స్టాండ్లు, మంచానికి కోళ్ళు, పక్కింటి పిన్నిగారి కోళ్ళగూటికి తలుపు, ఇలాంటివన్నమాట.

ఈ పిచ్చి 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత పట్టుకుంది. గాలికి మా వసారా రేకులు లేచిపోయి, వాటి కింద యాంగిల్ ఫ్రేము అతుకులు ఊడాయి. ఊళ్ళో వెల్డింగ్ షాపులవాళ్ళకి అప్పుడు పెద్ద పనులకే ఊపిరాడటం లేదు. నాలుగు అతుకుల కోసం మా ఇంటికి ఎవరొస్తారు? సొంత మిషను ఉంటే బాగుణ్ణు అనుకోవడం అక్కడే మొదలు.

షాపుకెళ్తే అన్ని పెట్టెల మీదా 200 అని పెద్దక్షరాలు, అంటే 200 ఆంపియర్లని. కొన్నిటి మీద 250. ధర కూడా ఆ అంకెని బట్టే పెరుగుతుంది. మా వీధి చివర గేట్లు చేసే మేస్త్రిని అడిగితే, "మిషను తర్వాత సూద్దురుగాని మాస్టారూ, ముందు మీ మీటరు సూసుకోండి" అన్నాడు. ఇప్పటిదాకా నేను విన్న సలహాల్లో ఇంతకన్నా పనికొచ్చింది లేదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

రాడ్డు వెల్డింగులో మంట దగ్గర ఎన్ని వోల్టులుంటాయో తెలుసుకోవడానికి ఒక ప్రామాణిక సూత్రం ఉంది. ఆంపియర్లని 0.04తో గుణించి 20 కలపాలి. ఇంటి పనుల్లో ఎక్కువగా వాడే 2.5 ఎం.ఎం. రాడ్డుకి 80 ఆంపియర్లు పెట్టామనుకోండి. 23.2 వోల్టులు, అంటే మంట దగ్గర సుమారు 1,850 వాట్లు. మిషను లోపల వేడికి పోయేదీ, పవర్ ఫ్యాక్టరూ (పనికి రాకుండా లైన్లోంచి అదనంగా లాగే కరెంటు) కలుపుకుంటే మామూలు ఇన్వర్టర్ మిషను (ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే వెల్డింగ్ మిషను) 230 వోల్టుల లైన్లోంచి 13, 14 ఆంపియర్లు లాగుతుంది. గీజరుకో ఏసీకో పెట్టుకునే 16 ఆంపియర్ల ప్లగ్గు దీన్ని మోస్తుంది. ఇప్పుడు నాబ్‌ని 200 దాకా తిప్పండి. 28 వోల్టులు, 5,600 వాట్లు, లైన్లోంచి 40 ఆంపియర్లు. మన ఇళ్ళల్లో ఏ ప్లగ్గూ దానికి తట్టుకోదు. ఎం.సి.బి. (లోడు మించితే దానంతటదే ఆపేసే స్విచ్చు) పడిపోయిందంటే అదృష్టం, పడకపోతే గోడలో వైరు కాలుతుంది.

ఇంకో చిక్కు. సాయంత్రం అందరి మోటార్లూ వేసే వేళకి వోల్టేజి 190కి జారితే, అదే 80 ఆంపియర్ల మంట కోసం మిషను 16 పైన లాగుతుంది. అందుకే నేను పొద్దున్నపూట కాలుస్తాను. పెరట్లోకి ఎక్స్‌టెన్షన్ లాగాల్సి వస్తే 2.5 చదరపు ఎం.ఎం. రాగి వైరుకి తగ్గకూడదు, దూరం ఎక్కువైతే 4. దాన్ని చుట్ట విప్పకుండా వాడితే లోపల వేడెక్కి తోలు కరుగుతుంది. కరెంటు బిల్లు మీద శాంక్షన్డ్ లోడ్ (మీ ఇంటికి మంజూరైన లోడు) ఎంతుందో చూసి, చాలకపోతే పెంచుకోండి.

కాబట్టి పెట్టె ముందువైపు అంకెని వదిలేసి మిషను వెనక ఉన్న రేటింగ్ ప్లేటు చదవండి. ఆ ప్లేటే లేని మిషను నేనైతే కొనను. అందులో శాతం గుర్తుతో ఉండేది డ్యూటీ సైకిల్. 60 శాతం అంటే, 40 డిగ్రీల వేడిలో, ప్రతి 10 నిమిషాల్లో 6 నిమిషాలు మాత్రమే ఆ ఆంపియర్ల దగ్గర కాల్చొచ్చు. దీని గురించి షాపువాళ్ళు చాలా చెప్తారు గానీ మనకి అంత అవసరం లేదు. 2.5 రాడ్డు నిమిషంలో అయిపోతుంది. తర్వాత స్లాగ్ (అతుకు మీద గట్టిపడ్డ పెంకు) కొట్టి, బ్రష్ చేసి, అతుకు చూసుకుని, కాస్త మురిసిపోయి, ఇంకో రాడ్డు పెట్టేసరికి మిషను చల్లారిపోతుంది.

అసలు చూడాల్సింది ఆంపియర్ల కింది కొస. ఇంటి పనులకి వచ్చేదంతా పల్చటి సరుకే. అంగుళం స్క్వేర్ పైపు 16 గేజ్ అంటే 1.6 ఎం.ఎం., 18 గేజ్ అంటే 1.2. పద్దెనిమిది గేజ్ మీద 2.5 రాడ్డు పెడితే కన్నం పడటానికి క్షణం చాలు. దానికి 2 ఎం.ఎం. రాడ్డు, 45, 50 ఆంపియర్లు కావాలి. అంత తక్కువలో మంట నిలబడుతుందా లేదా అన్నదే మిషను మంచిచెడ్డలు చెప్తుంది.

నేను కొనేటప్పుడు సంచిలో 18 గేజ్ పైపు ముక్కలు, 2 ఎం.ఎం. రాడ్లు వేసుకుని వెళ్ళాను. షాపు కుర్రాడు నాబ్ 120కి తిప్పి, మందపాటి పట్టీ మీద సర్రున ఒక గీత గీసి "సూడండి సార్, ఎలా కాల్తందో" అన్నాడు. ఆ పట్టీ మీద ఏ మిషనైనా కాలుతుంది. "నాయనా, 45 పెట్టి ఈ పైపు మీద కాల్చు" అన్నాను. మొదటి మిషన్లో రాడ్డు పైపుకి అతుక్కుపోవడం, లాగితే మంట ఆరిపోవడం, ఇదే వరస. రెండోదాంట్లో మంట చిన్నగా, సన్నటి చిటపటతో, పైపు కొసదాకా ఆగకుండా నడిచింది. డిస్‌ప్లేలో రెండింటికీ 45 అనే ఉంది. ఆ అంకెని నమ్మడానికి లేదు. సరిచూడాలంటే డీసీ కొలిచే క్లాంపు మీటరు కావాలి, ఎలక్ట్రీషియన్ల దగ్గర మామూలుగా ఉండేది ఏసీ మాత్రమే కొలుస్తుంది.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషను మంచిదా అంటే, షాపుకి మంచిదే. తరతరాలు పనిచేస్తుంది, పాడైతే లోపలి తీగచుట్టు మళ్ళీ చుట్టించుకోవచ్చు. కానీ ఇద్దరు పడితేగానీ కదలదు, పైగా వేయగానే వీధిలో లైట్లు డిమ్ము. ఇన్వర్టర్ మిషను చంకలో పెట్టుకుపోవచ్చు, పైగా డీసీ. డీసీలో ఒక సుఖం ఏమిటంటే, పల్చటి పైపుకి హోల్డర్ని మైనస్‌లో పెట్టుకుంటే కన్నాలు పడటం తగ్గుతుంది. 6013 రకం రాడ్డు ప్లస్, మైనస్ ఎటు పెట్టినా కాలుతుంది. 7018 రకం రాడ్డు జోలికి ఇంట్లో పోవద్దు, దాన్ని ఓవెన్లో ఆరబెట్టి వాడాలి, మన వానాకాలం తేమకి అసలు పనికిరాదు.

మిషనుతో వచ్చే కేబుల్ కొసని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. అలాంటిదైతే కేబుల్ విడిగా రాగిది కొనుక్కోండి. ఎర్త్ క్లాంపు (కాల్చే ఇనుముకి తగిలించే పట్టు) కూడా చాలావాటికి రేకు సరుకే వస్తుంది, మార్చేయండి. ఆ ఖర్చు కలుపుకునే బడ్జెట్ వేసుకోవాలి. మాస్కు మాత్రం ఆటో డార్కెనింగ్‌దే (మంట రాగానే అద్దం దానంతటదే నల్లబడేది) తీసుకోండి, ఇంటి పనుల ఆంపియర్లకి 10 లేదా 11 షేడు (అద్దం నలుపు) చాలు. చేతిలో పట్టుకునే నల్లద్దంతో కొత్తవాళ్ళకి రాడ్డు ఎక్కడ తగులుతుందో కనపడదు. ఎత్తి చూస్తారు, రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుండి బంగాళదుంప ముక్కలు పెట్టుకు పడుకుంటారు.

మన సరిహద్దువాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఏరు దాటితే ఆంధ్రాలో పాతపట్నం. అటు కొంటే సర్వీసు శ్రీకాకుళమో వైజాగో, ఇటు కొంటే బరంపురమో భువనేశ్వరమో. రేటు ఎక్కడ తక్కువని కాదు, బోర్డు పోతే మీరు బస్సెక్కి ఎటు పోగలరో చూసుకుని కొనండి. నాకు శ్రీకాకుళం దగ్గర, అందుకే ఏరు దాటాను. గ్యారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ వేయించుకోండి. ఊళ్ళో యూపీఎస్‌లు బాగుచేసే వాళ్ళల్లో ఇన్వర్టర్ మిషను విప్పేవాడు ఉన్నాడేమో కూడా ముందే కనుక్కుని ఉంచుకోండి.

గ్రైండరు పొడి మిషన్లోకి పోనివ్వకండి, అది ఇనుము కాబట్టి బోర్డు మీద షార్టు అవుతుంది. గ్రైండింగ్ ఒక మూల, మిషను ఇంకో మూల ఉండాలి. పనయ్యాక మిషను ఫ్యాను కాసేపు తిరగనిచ్చి, ఆపి, చల్లారాక గోనెసంచిలో దూర్చి మూతి కట్టేయండి. లేదంటే గాలి కన్నాల్లోంచి బల్లి దూరి బోర్డు మీద కాపురం పెడుతుంది. స్విచ్చేసినప్పుడు బల్లీ పోతుంది, బోర్డూ పోతుంది, గ్యారంటీ కార్డులో బల్లుల ఊసు ఉండదు.