తుప్పు పట్టిన పైపు 6.6 ఎలా చూపించింది?

డ్రాయింగులో పైపు గోడ మందం 6 మిల్లీమీటర్లు. ఏళ్ల తరబడి వాడిన పైపు. ధ్వనితో మందం చెప్పే నా చేతిలోని అల్ట్రాసోనిక్ గేజి మాత్రం 6.6 చూపించింది. అరిగిపోవలసిన గోడ అంత మందంగా ఉండడం నాకు నమ్మబుద్ధి కాలేదు.

ముందు జాగ్రత్తలన్నీ తీసుకున్నాననే అనుకున్నాను. గేజికి అమర్చిన బిళ్ల మీద ప్రోబు, అంటే ధ్వనిని పంపి అందుకునే ముక్క, ఆనించి సున్నా సరిచేశాను. ఉక్కులో ధ్వని వేగం సెకనుకు 5,920 మీటర్లుగా పెట్టాను. ప్రోబు కింద గాలి ఉంటే ధ్వని లోహంలోకి దిగదు కాబట్టి జెల్ కూడా రాశాను. చూడనిది ఒక్కటే, పైపు మీది రంగు.

గేజి నిజానికి మందాన్ని కొలవదు. ధ్వని లోపలి గోడను తాకి తిరిగొచ్చే కాలాన్ని కొలిచి, మనం ఇచ్చిన వేగంతో హెచ్చించి సగం చేస్తుంది. 6 మిల్లీమీటర్ల ఉక్కులో ఆ రాకపోకలకు పట్టేది సుమారు 2 మైక్రోసెకన్లే. రంగులో ధ్వని ఉక్కులోకన్నా ఎంతో మెల్లగా, సగం వేగం కూడా లేకుండా నడుస్తుంది. గేజి దాన్నీ ఉక్కుగానే లెక్క కడుతుంది. నా పైపు మీద రంగు 0.4 మిల్లీమీటర్లే అయినా తెర మీద దాదాపు ఒక మిల్లీమీటరు అదనంగా చేరింది. రంగు గీకి కొలిస్తే 5.6 వచ్చింది! లోపలి గోడ నుంచి వరుసగా వచ్చే రెండు ప్రతిధ్వనుల మధ్య కాలాన్ని పట్టుకునే గేజిలకు రంగు అడ్డు కాదు. నా గేజిలో ఆ సదుపాయం లేదు.

వేడి పైపయితే మరో చిక్కు. ఉక్కు ఉష్ణోగ్రత 55 డిగ్రీల సెల్సియస్ మేర పెరిగితే ధ్వని వేగం సుమారు 1 శాతం తగ్గి, మందం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. నాది చల్లని పైపే.

వంపు దగ్గరే ఎక్కువసేపు పట్టింది. గుండ్రటి ఉపరితలం మీద ప్రోబు కాస్త ఒరిగినా అంకె మారిపోతోంది. ప్రోబులో ధ్వనిని పంపే సగాన్నీ అందుకునే సగాన్నీ వేరుచేసే విభజన గీత పైపు నిడివికి అడ్డంగా ఉండేలా పట్టుకుని, మెల్లగా అటూ ఇటూ ఊపుతూ, నిలకడగా వచ్చిన అతి తక్కువ అంకెనే రాసుకున్నాను. మధ్యమధ్య మందం తెలిసిన ఉక్కు మెట్ల దిమ్మ మీద గేజిని సరిచూసుకున్నాను.

రంగు మీద తీసిన 18 కొలతలనూ కొట్టేసి మళ్లీ తీశాను. వంపు వెలుపలి వైపు ఒకచోట 4.3 వచ్చింది. అక్కడ సుద్దతో గుండ్రంగా గీసి, ఆ అంకెను నివేదికలో మొదటి వరుసలో రాశాను.