అటెస్టేషన్ ఫారంలో పాత ఉద్యోగాలు దాచొద్దు: పర్లాకిమిడి నుంచి ఒక అనుభవం

ఫైనల్ రిజల్ట్‌లో రోల్ నంబర్ కనిపించాక కూడా ఒక పరీక్ష మిగిలే ఉంటుంది. దానికి సిలబస్ లేదు, మాక్ టెస్టులు లేవు. దాని గురించి కోచింగ్ సెంటర్లలో ఎవరూ సరిగ్గా చెప్పరు, చెప్పినా చాలామంది తప్పు సలహానే ఇస్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

నాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న గజపతి జిల్లా పర్లాకిమిడి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) ద్వారా విశాఖలో రక్షణ శాఖ కింద ఉన్న ఒక ఆఫీసుకు క్లర్కుగా సెలెక్ట్ అయ్యాను. చదువు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. పాత పేపర్లన్నీ టైమ్ పెట్టుకుని చేశాను, తప్పు చేసిన లెక్కలకు వేరే నోట్‌బుక్ పెట్టాను, టైపింగ్ రోజూ ప్రాక్టీస్ చేశాను. మన జిల్లా వాళ్లకు ఒక్క మాట. ఎస్ఎస్‌సీలో ఒడిశా కోల్‌కతాలోని ఈస్టర్న్ రీజియన్ కిందకు వస్తుంది, సరిహద్దు దాటగానే వచ్చే ఆంధ్రా ఊరు పాతపట్నం సదరన్ రీజియన్‌లో ఉంది. నోటీసులు ఏ రీజియన్ వెబ్‌సైట్‌లో చూడాలో మొదటి రోజే తెలుసుకోండి.

ఇక అసలు విషయం. డాక్యుమెంట్ వెరిఫికేషన్ అయ్యాక డిపార్ట్‌మెంట్ నుంచి అటెస్టేషన్ ఫారం, అంటే మన వివరాలు మనమే రాసిచ్చే ఫారం వస్తుంది. పోలీస్ వెరిఫికేషన్ అంతా దీని మీదే నడుస్తుంది. పైనే హెచ్చరిక ఉంటుంది: తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్న విషయం దాచినా ఉద్యోగానికి అనర్హులు అవుతారు. దాని కిందే ఇంకో మాట ఉంటుంది, చాలామంది అది చదవరు. దాచిన సంగతి సర్వీసులో ఎప్పుడు బయటపడినా ఉద్యోగం తీసేయవచ్చు. అంటే జాయిన్ అయిపోతే గండం గడిచినట్టు కాదు.

ఫారంలో ఉద్యోగాల కాలమ్ ఏం అడుగుతుందో ఒకసారి నిదానంగా చదవండి. ఇప్పుడు గానీ, ఇంతకుముందు ఎప్పుడైనా గానీ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల్లో, ప్రభుత్వ సంస్థల్లో, ప్రైవేటు సంస్థల్లో పని చేశారా? చేస్తే హోదా, జీతం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, యజమాని పూర్తి పేరు, అడ్రస్, మానేసిన కారణం. ప్రైవేటు అని స్పష్టంగా ఉంది. ‘ప్రైవేటువి ఎవడు చూస్తాడు, వదిలెయ్’ అని నాకు కనీసం ముగ్గురు చెప్పారు. వాళ్లెవరూ ఆ ఫారం పూర్తిగా చదివినవాళ్లు కాదు.

నేను మూడు చోట్ల పని చేశాను. డిగ్రీ అవ్వగానే పాతపట్నంలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పాను. జీతం చేతికి ఇచ్చేవారు, కాగితం ముక్క లేదు. తర్వాత మా ఊళ్లోనే ఒక ప్రభుత్వ ఆఫీసులో ఏజెన్సీ ద్వారా డేటా ఎంట్రీ చేశాను. ఆ తర్వాత విశాఖలో ఒక కాల్ సెంటర్‌లో ఏడాదికి పైగా పని చేశాను. మానేసేటప్పుడు రిలీవింగ్ లెటర్ కోసం ఎన్ని మెయిల్స్ పెట్టినా వాళ్లు ఇవ్వలేదు.

మూడూ రాశాను. స్కూల్‌కు సర్టిఫికెట్ లేదని టెన్షన్ పడ్డ మాట నిజం. కానీ ఆ కాలమ్ అడిగేది చేశారా లేదా అని. రుజువు తర్వాతి సంగతి, అడిగితే హెడ్మాస్టర్ గారి అడ్రస్ ఉంది. ఏజెన్సీ ఉద్యోగం దగ్గర చాలామంది పొరపాటు పడతారు. కూర్చున్నది ప్రభుత్వ ఆఫీసు కదా అని యజమాని చోట ఆ ఆఫీసు పేరు రాస్తారు. జీతం ఇచ్చింది ఏజెన్సీ కాబట్టి యజమాని ఏజెన్సీయే. ఫలానా ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ మీద అని పక్కన రాస్తే సరిపోతుంది. కాల్ సెంటర్‌కు అపాయింట్‌మెంట్ లెటర్, శాలరీ స్లిప్పులు, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ సిద్ధంగా పెట్టుకున్నాను. మానేసిన కారణం దగ్గర ‘పోటీ పరీక్షల కోసం’ అని ఉన్నదే రాశాను. మిమ్మల్ని తీసేస్తే తీసేశారని రాయండి. ప్రైవేటు కంపెనీ తీసేసిందని మాత్రమే మీకు ప్రభుత్వ ఉద్యోగం ఇవ్వరని నేను ఏ రూల్‌లోనూ చదవలేదు.

తేదీలు గుర్తు లేకపోతే ఊహించి రాయొద్దు. పీఎఫ్ కట్టిన ఉద్యోగమైతే పీఎఫ్ సభ్యులకు ఇచ్చే యూఏఎన్ నంబర్‌తో పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌వో పోర్టల్‌లోకి వెళ్లి సర్వీస్ హిస్టరీ చూడండి, చేరిన తేదీ, మానేసిన తేదీ అక్కడే ఉంటాయి. పాత కంపెనీ ఎగ్జిట్ తేదీ వేయకుండా వదిలేస్తే చివరి కాంట్రిబ్యూషన్ పడిన రెండు నెలల తర్వాత మనమే వేసుకోవచ్చు. ఆ తేదీ లేకపోతే రికార్డులో మీరు ఇంకా అక్కడే పని చేస్తున్నట్టు ఉంటుంది.

దాచాలన్నా కుదరని పని ఇది. అదే ఫారంలో గత 5 ఏళ్లలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నారో అడుగుతారు. నేను కాల్ సెంటర్ రాయకపోతే విశాఖ అడ్రస్ ఎందుకు వచ్చిందో చెప్పాలి. అడ్రస్ కూడా తీసేస్తే అది రెండో అబద్ధం. పైగా మనది చిన్న ఊరు. మా ఠాణా నుంచి వచ్చిన ఏఎస్ఐ ముందు మా ఇంటికి రాలేదు. వీధి మొదట్లో కిరాణా కొట్టు దగ్గర ఆగి, నా పేరు చెప్పి ఒడియాలో ఏం చేస్తుంటాడని అడిగారు. కొట్టు అత్త తడుముకోకుండా చెప్పేసింది: ‘వైజాగ్‌లో ఫోన్ల కంపెనీలో చేసేవాడు బాబూ, రాత్రి డ్యూటీలు. అంతకుముందు పాతపట్నంలో మాస్టరు.’ ఆయన చేతిలో ఉన్న కాగితంతో పోల్చి చూసుకున్నారు. అన్నీ సరిపోయాయి. ఇంటికొచ్చి కూర్చున్నప్పుడు ఆయన అడిగింది ఒకటే, విశాఖలో ఏ ఏరియాలో ఉండేవాడివి అని.

కోర్టు మాట కూడా తెలుసుకోండి. 2003లో సుప్రీంకోర్టుకు ఒక కేంద్రీయ విద్యాలయ వ్యాయామ ఉపాధ్యాయుడి కేసు వచ్చింది. మీ మీద క్రిమినల్ కేసు ఉందా అంటే లేదు అని ఫారంలో రాశారు, నిజానికి ఉంది. ఆ కేసును తర్వాత ప్రభుత్వం ఉపసంహరించుకుంది కూడా. నేను హిందీ మీడియం, ఇంగ్లిష్ ప్రశ్న అర్థం కాలేదు అని ఆ ఉపాధ్యాయుడు అన్నారు. బీఏ, బీఈడీ, ఎంఈడీ చదివినవాళ్లు ఆ మాటంటే నమ్మలేమని కోర్టు తొలగింపును సమర్థించింది. మనలో ఒడియా మీడియం, తెలుగు మీడియం వాళ్లం చాలామందిమి ఉన్నాం. అర్థం కాని కాలమ్ ఉంటే తెలిసినవాళ్లతో చదివించుకుని, ఆ తర్వాతే నింపండి.

2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ ఇంకొంచెం వివరంగా చెప్పింది. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. నిజం చెప్పినవాళ్ల విషయంలో కూడా గతాన్ని పరిశీలించే హక్కు డిపార్ట్‌మెంట్‌కు ఉంటుంది. అయితే ఫారం స్పష్టంగా అడగని విషయాన్ని దాచారని అనడానికి లేదు. ఈ రెండూ క్రిమినల్ కేసుల గురించి వచ్చిన తీర్పులు, ఉద్యోగాల గురించి కాదు. అయినా నాకు అర్థమైంది ఇది: చెప్పిన విషయాన్ని తూచి చూస్తారు, దాచిన విషయంలో దాచడమే నేరమై కూర్చుంటుంది.

ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు దాచాలనే ఆలోచనే రాకూడదు. అప్లై చేసేటప్పుడే మీ ఆఫీసుకు తెలియజేయండి, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోండి, టెక్నికల్ రిజిగ్నేషన్ (అనుమతితో ఇంకో ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్లడానికి చేసే రాజీనామా) మీద రండి. అలా వస్తే రూల్స్ ప్రకారం మిగిలిన సెలవులు, పే ప్రొటెక్షన్ (పాత జీతం తగ్గకుండా చూడడం) లాంటివి కొనసాగే వీలుంటుంది. పెన్షన్ పథకమైన ఎన్‌పీఎస్‌లో మనిషికి ఒక్కటే ప్రాన్ (పెన్షన్ ఖాతా) నంబర్, కొత్త ఆఫీసు అడిగిన రోజే పాతది తెలిసిపోతుంది. పోస్టాఫీసులో జీడీఎస్ (గ్రామీణ డాక్ సేవక్)గా చేస్తున్న మన వైపు పిల్లలు ఇది పర్మినెంట్ కాదు కదా అంటుంటారు. అది కూడా రాయాల్సిందే.

సరిహద్దు వాళ్లకు పేర్ల ఇబ్బంది ఇంకోటి. ఒడిశా మెట్రిక్ సర్టిఫికెట్లో మన ఇంటిపేరు చివర ఉంటుంది, ఆంధ్రా కంపెనీ రికార్డులో ముందు ఇనిషియల్‌గా ఉంటుంది. పేరులో ఎప్పుడైనా ఏదైనా కలిపారా, తీశారా అని ఫారం మొదటి కాలమ్‌లోనే అడుగుతారు. రెండు రూపాలూ అక్కడ రాసేయండి.

నింపిన ఫారం ఇచ్చేముందు ప్రతి పేజీ జిరాక్స్ తీసి దాచుకోండి. రేపు ఇంకో డిపార్ట్‌మెంట్‌కు వెళ్లినా ఇవే ప్రశ్నలు అడుగుతారు, అప్పుడు ఇచ్చే తేదీలు ఇప్పుడు ఇచ్చిన తేదీలతో కలవాలి.