ఎంబీబీఏ: సోంపు వాసన వస్తే బ్యాచ్ పోయినట్టే

ఎంబీబీఏ అనే ద్రవస్ఫటికాన్ని (లిక్విడ్ క్రిస్టల్) ల్యాబులో తయారు చేస్తున్నాను. మూడో బ్యాచ్‌కి నిన్న క్లియరింగ్ పాయింట్ (మసక ద్రవం తేటపడే ఉష్ణోగ్రత) 46 డిగ్రీలు వచ్చింది. మొదటిది 38కే చేతులెత్తేసింది, అదీ నాలుగైదు డిగ్రీల మేర జారుతూ. శుద్ధమైన ఎంబీబీఏ 22 దగ్గర కరిగి, 45–47 దాకా నెమాటిక్‌గా, అంటే అణువులన్నీ ఒకే దిశకి తిరిగిన ద్రవస్ఫటికంగా ఉండాలి.

రియాక్షన్‌లో కష్టమేమీ లేదు. పారా అనిసాల్డిహైడ్ 13.6 గ్రాములు, 4-బ్యూటైల్ అనిలిన్ 14.9 గ్రాములు, టోలీన్ 100 మి.లీ., పుట్టే నీటిని పట్టి ఉంచే డీన్-స్టార్క్ ట్రాప్, రిఫ్లక్స్ (ఆవిరిని చల్లార్చి వెనక్కి దించుతూ మరిగించడం). ట్రాప్‌లో 1.8 మి.లీ. నీళ్లు దిగితే అయిపోయింది.

ఏడిపించింది ఆ తర్వాతే. 38 చూసి ముందు థర్మామీటర్‌ని అనుమానించాను, తర్వాత హాట్ స్టేజిని (నమూనాని వేడిచేసే పలకని). సీసా మూత తీస్తే గుప్పున సోంపు వాసన! అది అనిసాల్డిహైడ్‌ది. అంటే ఆల్డిహైడ్‌నీ అనిలిన్‌నీ కలిపి ఉంచే ఇమీన్ బంధం తెగుతోంది. కారణం రియాక్షన్ వేగం కోసం నేను చిటికెడు వేసిన పీటీఎస్‌ఏ అనే ఆమ్లం: టోలీన్ పోయినా అది సీసాలోనే ఉండిపోయింది. ఆమ్లానికి వానాకాలపు తేమ తోడైతే ఇంకేం కావాలి? రెండో బ్యాచ్‌ని శుద్ధి చేద్దామని సిలికా కాలమ్ ఎక్కించాను. సిలికాకీ ఆమ్లగుణముంది; ఉన్న ఇమీన్‌ని కాలమ్‌లోనే విరగ్గొట్టింది. బాగుచేయబోయి చెడగొట్టుకోవడమంటే ఇదే.

ఈసారి పీటీఎస్‌ఏ బదులు నాలుగు చుక్కలు గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం వేశాను. టోలీన్‌తో పాటే వెళ్లిపోతుంది. స్టోర్స్ వాళ్లు "సీల్ తీయనిది" అని ఇచ్చే అనిసాల్డిహైడ్‌ని నమ్మకండి. మూత చుట్టూ తెల్లటి పొడి కట్టి ఉంటే అది అనిసిక్ ఆమ్లం. డికాక్షన్ రంగుకి తిరిగిన బ్యూటైల్ అనిలిన్‌తో సహా రెండింటినీ వాక్యూమ్‌లో డిస్టిల్ చేయాల్సిందే. ఆ అనిలిన్ విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

తర్వాత పొడి హెక్సేన్‌లో కరిగించి −20 ఫ్రీజర్‌లో పెట్టాను. ఇక్కడ ఫన్నెల్ వాడకండి: మన ల్యాబుల్లో గది వేడే 30 దాటుతుంది, స్ఫటికాలు వడపోత కాగితం మీదే కరిగి కారిపోతాయి. చల్లగా ఉండగానే, నైట్రోజన్ కింద, పైద్రావణాన్ని సిరంజితో లాగేయాలి. మిగిలిన హెక్సేన్‌ని వాక్యూమ్ చూసుకుంటుంది.

1969లో జర్మనీలో కెల్కర్, షొయెర్లె దీన్ని చేసినప్పుడు గది ఉష్ణోగ్రత దగ్గరి నెమాటిక్ అని లోకమంతా మురిసింది. కానీ 1973లో జార్జ్ గ్రే బృందం సైనోబైఫినైల్స్ అనే ద్రవస్ఫటికాల్ని తెచ్చాక డిస్‌ప్లేలవాళ్లు ఇటు తిరిగి చూడలేదు. వాటిలో నీటికి తెగే ఇమీన్ లేదు మరి.

నాది ఆంపూల్స్‌లో (చిన్న గాజు గొట్టాల్లో) నైట్రోజన్ నింపి సీల్ చేశాను. ఫ్రిజ్ నుంచి తీయగానే పగలగొట్టొద్దు, గది వేడికి వచ్చేదాకా ఆగాలి. లేదంటే తేమ దాని మీదే పడుతుంది. వాడేముందు ఎన్‌ఎంఆర్‌లో (అణువు నిర్మాణాన్ని చూపే పరీక్ష) 8.4 పీపీఎం దగ్గర ఇమీన్ పీక్‌తో పాటు 9.9 దగ్గర ఆల్డిహైడ్ తలెత్తిందేమో చూసుకోండి.