సమాధుల పండుగకు సున్నం వేసే ముందు

అక్టోబరు సగం దాటిందంటే గుంటూరు చుట్టుపక్కల సమాధుల తోటల్లో సందడి మొదలవుతుంది. నవంబరు 2న వచ్చే క్రైస్తవుల సమాధుల పండుగ లోపు గడ్డి కొట్టించాలి, సున్నం వేయించాలి, పేర్లకు నల్లరంగు దిద్దించాలి. ప్రేమతో చేసే పనే. కానీ పాత గోరీలకు ఎండావానా చేసే నష్టం కంటే ఈ హడావిడిలో జరిగే నష్టమే ఎక్కువ.

రాయి కన్నా దాని మీది అక్షరం విలువైంది. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న. డొక్కల కరువు ఈ సీమను ఊడ్చేసి అప్పటికి పదేళ్లే. ఆ కరువులో పోయినవాళ్లకు రాయీ లేదు, పేరూ లేదు. ఆ తరవాతి తరాల్లో పోయిన చాలామందికి మిగిలిన రుజువులు రెండే: చర్చి రిజిస్టరు, ఈ రాయి. మరణాన్ని తప్పనిసరిగా నమోదు చేయించాలనే ఇప్పటి పద్ధతి 1969 చట్టంతో వచ్చింది.

అందుకే రంగు డబ్బా తెరవకముందే ప్రతి రాయినీ ఫొటో తీయాలి. పొద్దున ఏడింటికో సాయంత్రం ఐదింటికో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే అరిగిన అక్షరం కూడా నీడతో లేచి కనిపిస్తుంది. నీడలో ఉన్న రాయికి పక్కనుంచి అద్దంతో వెలుగు కొట్టండి. రంగు వేసే కుర్రాడు అరిగిన అంకెను ఊహించి దిద్దుతాడు. 1918 కాస్తా 1913 అయిపోతుంది. 1918 ఇన్‌ఫ్లుయెంజా ఏడాది. ఒకే వరసలో ఆ సంవత్సరమే పదేపదే కనిపిస్తే దానికో అర్థం ఉంది, ఒక్క కుంచె దెబ్బకు అది పోతుంది. పాత తెలుగు రాళ్ల మీది అరసున్ననూ, బండి ఱనూ తప్పులనుకుని సరిచేయొద్దు. ఉన్నదున్నట్టు రాసుకోండి.

కడగడానికి మంచినీళ్లు, కొబ్బరి పీచు లేదా మెత్తటి నైలాను బ్రష్షు చాలు. ముందు రాయిని బాగా తడిపి, కింది నుంచి పైకి రుద్దుకుంటూ రావాలి. పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్లు పొడి రాయి మీదకు జారి చారలు పడతాయి. యాసిడ్ మాత్రం దగ్గరికి రానీయొద్దు. నాపరాయి, పాలరాయి రెండూ సున్నపు జాతివే. యాసిడ్ పోయగానే నురగ వస్తుంది కదా, అది మురికి కరగడం కాదు, రాయే కరుగుతోంది. ఇనుప బ్రష్షు కూడా వద్దు. చెక్కిన అక్షరాల్లో గట్టిపడిన పాత సున్నాన్ని నానబెట్టి వెదురు పుల్లతో మెల్లగా తీయాలి. చీమకుర్తి నల్ల గ్రానైటు వేసిన కొత్తవాటికి తడిగుడ్డ చాలు.

ఇటుకతో కట్టిన పాత గోరీ పెచ్చులూడితే అందరూ సిమెంటుకే పరిగెడతారు. మన నల్లరేగడిలోంచి తేమ ఇటుకలోకి ఎక్కుతుంది. సిమెంటు పూత దాన్ని బయటికి పోనివ్వదు. లోపల ఉప్పు పేరుకుని, కొన్నేళ్లకు పూతతోపాటు ఇటుక ముఖం కూడా ఊడొస్తుంది. పిడుగురాళ్ల సున్నం ఇంత దగ్గర్లో పెట్టుకుని ఈ తిప్పలెందుకు? కాల్చిన సున్నాన్ని నీళ్లలో చల్లార్చి (కుతకుత ఉడుకుతుంది, కళ్లు జాగ్రత్త), కనీసం రెండు వారాలు నాననిచ్చి, జల్లెడ పట్టి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక కలపాలి. పూశాక వారం రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. ఆ వారం ఓపిక లేకే ‘సున్నం నిలవదు’ అనే మాట పుట్టింది.

రాళ్లు ఒరగడానికీ ఆ నేలే కారణం. వానకు ఉబ్బుతుంది, మే నెలలో చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. ఒరిగిన రాయిని కాంక్రీటులో బిగిస్తే నేల కదిలినప్పుడు సరిగ్గా మట్టి మట్టం దగ్గర విరుగుతుంది. చుట్టూ మట్టి తీసేసి, రాయిలో మూడో వంతు నేలలో ఉండేలా నిలబెట్టి, కంకర, ఇసుక పొరలు పొరలుగా దట్టించాలి. డిసెంబరు, జనవరి ఈ పనికి అనువు. అప్పటికి నేల జిగట తగ్గుతుంది, ఇంకా బండబారదు.

కొత్త సమాధికి వెంటనే గోరీ కట్టించొద్దు. కప్పిన మట్టి ఒక వానాకాలం తడిసి కుంగాలి. ఏడాది జ్ఞాపకార్థ కూడిక దాకా మట్టి దిబ్బ, చెక్క శిలువ చాలు. తొందరపడి కట్టినవి నడిమికి చీలడం ఏ తోటలోనైనా కనిపిస్తుంది.

పగుళ్లలో మొలిచే రావి మొక్కను రెండాకుల మీదున్నప్పుడే వేరుతో లాగాలి. సర్కారు తుమ్మను పైపైన నరికితే గుబురుగా లేస్తుంది, అడుగు లోతున మొదలు తీయాలి. గోరీకి ఆనుకుని ఉంటే మాత్రం తవ్వొద్దు, చిగురు వేసినప్పుడల్లా కొట్టేయడమే.

ఇక రిజిస్టరు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, వయసు, మరణించిన తేదీ, సమాధి చేసిన తేదీ, వరస, సంఖ్య రాయాలి. పాత కుటుంబ సమాధిలోనే ఇంకొకరిని పెడితే ఆ సంగతీ రాయాలి. ప్రహరీ రెండు మూలల నుంచి టేపుతో కొలిచి ఆ రెండు దూరాలూ వేసుకుంటే, రాయి మాయమైనా చోటు దొరుకుతుంది. మూలలు ఏవో కూడా రాయండి, ప్రహరీ మళ్లీ కట్టేటప్పుడు పాత కొలతలు కొత్త మూలలకు మార్చుకోవాలి. ఒక ప్రతి చర్చిలో, ఇంకొకటి వేరే చోట ఉండాలి. చెదపురుగుకు చర్చి బీరువా అయినా ఒకటే.