మిషన్ గది అత్తయ్యగారి గదిగా మారిన వైనం

మా ఫ్లాట్‌లో పడగ్గదులు రెండని పేరే గానీ, పడుకోవడానికి పనికొచ్చేది ఒక్కటే. రెండోదాన్ని ఇంటిల్లిపాదీ ‘మిషన్ గది’ అంటాం. 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. అందులో ఒక పవర్ మిషన్, ఫాల్-పికోకి వాడే పాత ఉషా మిషన్, నడుం ఎత్తు కటింగ్ టేబుల్, లైనింగ్ బట్టల ర్యాక్, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం, కుట్టాల్సిన చీరల సంచులు. జాకెట్లు కుట్టి నేను సంపాదించేదంతా ఆ గదిలోంచే వస్తుంది. మా అమ్మాయి స్కూలు ఫీజు దాంట్లోంచే కడతాం.

మా అత్తయ్యగారు నర్సాపురం దగ్గర ఊళ్లో ఒక్కరే ఉంటారు. మోకాలి చిప్ప ఆపరేషన్ ఇక వాయిదా వెయ్యొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆపరేషన్ ఇక్కడ విజయవాడలోనే చేయించి, సంక్రాంతి దాకా మా దగ్గరే ఉంచుకుందామని మా ఆయన, నేను అనుకున్నాం. ఉంచుకోవడం గురించి ఇద్దరికీ రెండో మాట లేదు. ఎక్కడ ఉంచాలన్న దగ్గరే గొడవంతా.

“హాల్లో దివాన్ వేసేద్దాం, టీవీ కూడా ఎదురుగానే ఉంటుంది” అన్నారు మా ఆయన. నాకది నచ్చలేదు. హాల్లో పడుకున్న మనిషికి తలుపంటూ ఉండదు. చీర మార్చుకోవాలన్నా, కట్టు విప్పి కాలు చూసుకోవాలన్నా, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలన్నా ఎవరో ఒకరు వస్తూ పోతూనే ఉంటారు. నా కస్టమర్లే రోజూ వస్తారు. నాలుగు రోజులైతే ఎవరైనా సర్దుకుపోతారు, నెలల తరబడి ఉండాల్సిన పెద్దావిడకి గది ఇచ్చి తీరాలి. మా పడగ్గది ఇద్దామా అంటే దాని బాత్రూమ్‌లో ఉన్నది ఇండియన్ సీటు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు దానిమీద కూర్చోలేరు. వెస్టర్న్ కమోడ్ ఉన్నది మిషన్ గదికి ఎదురుగా ఉన్న కామన్ బాత్రూమ్‌లో. అంటే ఇక వేరే దారి లేదు.

డాక్టరుగారు ఇచ్చిన తేదీ ఆషాఢంలో పడటం నా అదృష్టం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి అర్జెంటు జాకెట్లూ ఉండవు. అందరూ డిస్కౌంట్లలో చీరలు కొని పెట్టుకుంటారు, శ్రావణం దగ్గరపడుతుంటే మన మీద పడతారు. ఆలోపే అన్నీ సర్దేయాలి. రెండు వారాలు కొత్త ఆర్డర్లు తీసుకోనని వాట్సాప్ స్టేటస్ పెట్టేశాను. లంగాలు, లాంగ్ ఫ్రాకులు సంక్రాంతి వరకూ కుట్టనని కూడా అప్పుడే చెప్పేశాను. వాటికి బట్ట పరచాలంటేనే సగం గది కావాలి. ఫాల్-పికో పని వెనక వీధిలో కుట్టే ఆవిడకి అప్పగించాను. ఆ రాబడి కొంత పోయింది, ఇప్పటికీ కాస్త బాధే.

ముందు సామాను కదపలేదు, పేపర్లు కత్తిరించాను. కొత్త మోడల్ వస్తే బట్ట మీద కత్తెర పెట్టేముందు న్యూస్‌పేపర్ మీద కట్ చేసి చూసుకోవడం మాకు అలవాటే కదా, గదికీ అదే చేశాను. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పుతో సింగిల్ మంచం, దాని పక్కన చేతుల కుర్చీ, మందులు పెట్టుకునే చిన్న బల్ల, అన్నిటికీ పేపర్లు అతికించి నిజం కొలతల్లో నేల మీద పరిచాను. కింద ఫ్లాట్‌లో పెద్దాయన వాకర్ ఖాళీగా ఉంటే అడిగి తెచ్చి, దాన్ని పట్టుకుని మంచం నుంచి తలుపు దాకా, అక్కడి నుంచి కమోడ్ దాకా నేనే కుంటుతూ నడిచాను. మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. కానీ ఆ నడకలోనే అసలు విషయాలు బయటపడ్డాయి. వాకర్ రెండడుగుల వెడల్పు ఉంటుంది. నేరుగా నడవడానికి ఇబ్బంది లేదు, వెనక్కి తిరగాలంటే మాత్రం మంచం పక్కన మూడడుగుల ఖాళీ ఉండాలి. కిటికీ కింద మంచం వేద్దామనుకున్నది కాస్తా అటు గోడకి మారింది. తలుపు ముందున్న డోర్‌మ్యాట్ తీసేయించింది కూడా ఆ వాకరే. దాని ముందు కాలు మ్యాట్ అంచుకి తగులుకుంటోంది.

ఆ పేపర్లన్నీ పరిచాక మిషన్‌కి చోటు మిగల్లేదు. ఒక మూల ఇరికించొచ్చు, కానీ పవర్ మిషన్ టేబుల్ ఒక్కటే 4 అడుగుల పొడవు. పైగా సీజన్‌లో నేను రాత్రి పదకొండింటి దాకా కుడతాను, ఆవిడ తొమ్మిదికల్లా లైటు ఆర్పేస్తారు. కాబట్టి మిషన్ హాల్లోకి, టీవీ అత్తయ్యగారి గదిలోకి అని తేల్చాను. ఎలాగూ సాయంత్రం సీరియళ్లు చూసేది ఆవిడే. క్రికెట్ సంగతేంటని మా ఆయన కాసేపు మొహం మాడ్చుకున్నారు, తర్వాత ఫోన్‌లో చూసుకోవడం మొదలుపెట్టారు.

పవర్ మిషన్ కదపడం కుర్చీ జరిపినట్టు కాదు. హెడ్డు కిందున్న ట్రేలో ఆయిల్ ఉంటుంది. అది తియ్యకుండా వంచితే నేలంతా జిడ్డే. ఆయిల్ తోడేసి, బెల్టు ఊడదీసి, హెడ్డు విడిగా ఎత్తి దుప్పటి మీద పెట్టి, టేబుల్‌ని పక్కకి పడుకోబెట్టి తలుపులోంచి దాటించారు మెకానిక్కూ మా ఆయనా. మెకానిక్ ఎలాగూ వచ్చాడు కదా అని ఎప్పట్నుంచో అనుకుంటున్న పని కూడా చేయించేశాను. నా మిషన్‌కి పాత క్లచ్ మోటార్ ఉండేది. స్విచ్ వేసిన క్షణం నుంచి కుట్టినా కుట్టకపోయినా గుయ్ఁమంటూ తిరుగుతూనే ఉంటుంది. దాని బదులు సర్వో మోటార్ పెట్టించాను. ఇది పెడల్ తొక్కితేనే తిరుగుతుంది, స్పీడు మనకి కావలసినంతే పెట్టుకోవచ్చు, కరెంటూ తక్కువే లాగుతుంది. కాళ్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు వేశాక కింది ఫ్లాటువాళ్లకి అదురు కూడా తగ్గిందట. డబ్బు ఖర్చయింది గానీ, టెన్త్ చదివే పిల్ల ఉన్న ఇంట్లో హాల్లో మిషన్ పెట్టుకోవాలంటే ఇది తప్పని ఖర్చనే అంటాను. హాల్ కిటికీ నా ఎడమచేతి వైపు వచ్చేలా మిషన్ వేయించుకున్నాను. సూది మీద చెయ్యి నీడ పడదు.

కటింగ్ టేబుల్ మాత్రం హాల్లో పట్టలేదు. డైనింగ్ టేబుల్ మీద కట్ చేద్దామంటే అది 30 అంగుళాల ఎత్తే, గంటసేపు వంగితే నడుం పట్టేస్తుంది. వడ్రంగి చేత ఒక ప్లైవుడ్ పలక చేయించాను. 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, కింద చుట్టూ 5 అంగుళాల చెక్క అంచు. అడుగున పాత దుప్పటి ముక్క అంటించాం, టేబుల్ మీద గీతలు పడకుండా. మధ్యాహ్నం భోజనాలయ్యాక దాన్ని డైనింగ్ టేబుల్ మీద పెడితే నా ఎత్తుకి సరిగ్గా సరిపోతుంది. సాయంత్రం సోఫా వెనక నిలబెట్టేస్తాను. పాత కటింగ్ టేబుల్‌కి కూడా ఇంత సుఖం లేదు, నిజం చెప్పాలంటే.

అదే వడ్రంగి మంచం కోళ్ల కింద పెట్టడానికి దిమ్మలు చేసిచ్చాడు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి మంచం మరీ పల్లంగా ఉండకూడదు. కూర్చుంటే పాదాలు రెండూ నేలకి ఆనాలి, మోకాళ్లు తుంటి కంటే పైకి లేవకూడదు. ఆవిడ ఎత్తుకి తగ్గట్టు దిమ్మలకి కోళ్లు దిగేలా గుంటలు కూడా తవ్వించాను, మంచం జారకుండా. మంచం ఎత్తయ్యాక కింద బోలెడంత చోటు కనిపించి నా మనసు లాగింది. లైనింగ్ తాన్లన్నీ అక్కడే తోసేద్దామా అని. గోడ వైపు రెండు పెట్టెలు పెట్టి ఊరుకున్నాను, దిగే వైపు ఖాళీగా వదిలేశాను. మిగతావి అటక మీదకెక్కాయి. బాత్రూమ్‌లో స్టీలు పట్టుకడ్డీలు బిగించడం ప్లంబరు పని, అది ఒక పూటలో అయిపోయింది.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది సూదులు. అత్తయ్యగారికి షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. అరికాళ్లు మొద్దుబారాయి. కాలి చెప్పు ఊడిపోయినా ఒక్కోసారి రెండడుగులు వేశాక గానీ తెలియదు. అలాంటి పాదానికి సూది ముక్క గుచ్చుకుంటే నొప్పి తెలియదు, పుండయ్యాకే చూసుకుంటాం. పైగా రాత్రిళ్లు తోడుగా మా అమ్మాయి అదే గదిలో కింద పరుపు వేసుకుని పడుకోవాలి. ఇన్నేళ్లు కుట్టిన గది అది.

చీపురుతో ఊడిస్తే సూదులు రావు, టైల్స్ సందుల్లోనే ఉండిపోతాయి. పాత స్పీకర్‌లోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం ఒకటి నా దగ్గరుంది. దాన్ని గట్టి దారంతో కట్టి, నేలకి ఆనీ ఆననట్టు పట్టుకుని, గోడవారనుంచి మొదలుపెట్టి లాగాను. టిక్, టిక్ అని అతుక్కుంటూనే ఉన్నాయి. జాకెట్ హుక్కులు, గుండుసూదులు, విరిగిన మిషన్ సూదుల మొనలు, తుప్పు పట్టిన పిన్నీసు. కటింగ్ టేబుల్ కాళ్లుండే చోట అయస్కాంతం చుట్టూ ముళ్లపందిలా లేచింది. తలుపు కింద ఉండే గాడిలో వేలితో తడిమితే తగలని సూది మొన కూడా దానికి దొరికింది. ఒక మందుసీసాలో వేస్తూ పోయాను, సగానికి పైగా నిండింది. ఆ మర్నాడు మళ్లీ లాగాను, మళ్లీ కొన్ని వచ్చాయి. ఏమీ రాని రోజు వచ్చాకే మంచం వేయించాను. అయస్కాంతానికి రాగి, ఇత్తడి అంటవు కాబట్టి ఆఖర్న టార్చి నేలకి అడ్డంగా పట్టి కూడా చూశాను, మెరుపు కనిపిస్తుందేమోనని. ఇన్ని చేసినా ఆవిడకి ఇంట్లో తొడుక్కోవడానికి షుగర్ ఉన్నవాళ్లు వేసుకునే ఎమ్‌సీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి, కొన్నాం.

హాల్లో ఇప్పుడు నా రూలు ఒక్కటే. సూది విరిగితే ముక్కలన్నీ దొరికేదాకా కుర్చీలోంచి లేవను.

దారాల సంగతి చిన్నదే. రీళ్ల బోర్డు విప్పేసి, మిఠాయి డబ్బాల్లో రంగుల వారీగా సర్దాను. ఎరుపులు ఒక డబ్బా, ఆకుపచ్చలు ఒక డబ్బా. ఆది జాకెట్లు మాత్రం ఎవరిది వాళ్ల చీరతోపాటు జిప్ కవర్లో పెట్టి, పేరూ డేటూ రాసి, మా బీరువా కింది అరలో పెట్టాను. హాల్లో పెడితే వచ్చినవాళ్లు ఒకరి చీర ఒకరు తిరగేసి చూస్తారు. ట్రయల్‌కి ఇంకా సరైన చోటు దొరకలేదు. వంటగదికి వెళ్లే దారిలో రాడ్డు వేసి కర్టెన్ కట్టాను, అద్దం అక్కడ పెట్టాను. ఇరుకే. కాస్త ఒళ్లున్నవాళ్లు చెయ్యెత్తితే మోచెయ్యి గోడకి తగులుతుంది. ఇంటికెళ్లి వేసుకుని చూసి, రేపు చెప్పండని పంపేస్తున్నాను చాలామందిని.

అత్తయ్యగారు ఆస్పత్రి నుంచి వచ్చి మంచం మీద కూర్చోగానే గదంతా కలియజూసి, “ఏమ్మా అమ్మాయ్, మిషను అమ్మేసేవా ఏంటి?” అన్నారు. హాల్లో ఉందండీ అన్నాను. “నా మూలంగా నీ పని పాడుచేసుకోకమ్మా. ఆ చప్పుడుంటే నాకూ ఇంట్లో మనుషులున్నట్టుంటుంది” అన్నారు. నేనేమో ఆవిడకి నిశ్శబ్దం కావాలని మోటారే మార్పించాను. ఇప్పుడు పగలు ఆవిడ తలుపు తీసే ఉంచుకుంటారు. నేను కుడుతుంటే అక్కడినుంచే మాట్లాడతారు. ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చినప్పుడు మాత్రం తలుపు వేయించేస్తారు, కాలు వంచేటప్పుడు అరిచే అరుపులు కస్టమర్లు వినకూడదట.

కాస్త తేరుకున్నాక హుక్కులు కుట్టిపెడతానని మొదలెట్టారు. వద్దన్నాను, ఆ గదిలోకి మళ్లీ సూది రానివ్వడం నాకిష్టం లేదు. ఆవిడ చిన్నబుచ్చుకున్నారు. “ఖాళీగా కూర్చోబెట్టి తిండి పెడతావా?” అన్నారు. ఆవిడ వాళ్ల ఊళ్లో చిన్నప్పట్నుంచీ లేసు అల్లినావిడ. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని లేసు అల్లడం తరాల నుంచి ఉన్నదే. 2024లో ఆ లేసుకి, అది ఆ ప్రాంతానిదేనని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అల్లినవాళ్లకి దక్కే కూలి మాత్రం ఎప్పుడూ అంతంతమాత్రమే, ఆవిడే చెబుతారు. లేసు అల్లే సూదికి చివర కొక్కెమే ఉంటుంది, మొన ఉండదు. కింద పడినా పొడవుగా కనిపిస్తుంది. వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్‌కి లైనింగుల కోసం వెళ్లినప్పుడు ఆ దారిలోనే కాటన్ దారం ఉండలు తెచ్చిచ్చాను.

శ్రావణంలో జాకెట్ చేతులకి సన్నటి లేసు అంచు వేసి ఇద్దరు ముగ్గురికి చూపించాను. ఇప్పుడు అందరూ అదే అడుగుతున్నారు. రేటు ఆవిడే చెప్పారు, నేను చెప్పేదానికంటే ఎక్కువ! ఆ డబ్బు వేరే డబ్బాలో వేసి ఆవిడ బల్ల మీదే పెడుతున్నాను. తీసి మనవరాలికి నోట్లు ఇస్తుంటే చూడనట్టు ఊరుకుంటున్నాను.

సంక్రాంతికి ఆవిడ ఊరెళ్తారు, ఇల్లు అన్నాళ్లు తాళం వేసి ఉంచడం ఆవిడకి ఇష్టం లేదు. తర్వాత మిషన్ మళ్లీ గదిలోకి వెళ్తుందా అంటే, వెళ్లదు. హాల్ కిటికీ వెలుతురుకి నేను అలవాటుపడిపోయాను. అదీగాక మంచం, టీవీ లేని ఆ గది టెన్త్ పరీక్షలయ్యేదాకా తనకే కావాలని మా అమ్మాయి వాళ్ల నానమ్మ ముందే అడిగి ఒప్పించేసుకుంది. మంచం ఉండాల్సిందేనని నానమ్మ పట్టు, టీవీ మాత్రం హాల్లోకి రావాలని వాళ్ల నాన్న పట్టు. హాల్లో టీవీ ఎక్కడ పెడతారో ఆయనే పేపరు కత్తిరించి చూపించాలి.