డీఎల్-103కి తగిన చెయ్యి కోసం ఒసాకా నుంచి టోక్యో దాకా

ఆఫీసు పని మీద ఒసాకా పంపిస్తున్నారని తెలియగానే ముందు సర్దుకున్నది బట్టలు కాదు, డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్, అంటే రికార్డు మీద నడిచే ముల్లుండే చిన్న ముక్క. మా బావ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) మోటారు కాలిపోయి తుక్కు కిందికి వెళ్తే, ముల్లు బాగుందని అదొక్కటీ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. జపాన్ రేడియో సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం 1960ల మొదట్లో రూపుదిద్దుకున్న కార్ట్రిడ్జ్ ఇది. ఇప్పటికీ తయారవుతూనే ఉంది. ఇంత మంచి ముల్లు చేతిలో ఉంది కదా, దేనికో దానికి బిగించేద్దామంటే కుదరదు. టర్న్‌టేబుల్ కొని దానికి నప్పే కార్ట్రిడ్జ్ వెతకడం తేలిక. నా పని తలకిందులు, పైగా బడ్జెట్ పాతిక వేల రూపాయలు.

చిక్కంతా దీని ముల్లు గట్టిదనంలో ఉంది. ముల్లు ఎంత సులువుగా ఊగుతుందో చెప్పే లెక్కను కంప్లయన్స్ అంటారు. డీఎల్-103కి కంపెనీ ఇచ్చిన అంకె 5. అది 100 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి వంద ఊపుల దగ్గర కొలిచింది. మనకు కావాల్సిన 10 హెర్ట్జ్ దగ్గరికి తెస్తే సుమారు 9 వేసుకోవచ్చు. ఇంత గట్టి ముల్లుని తేలికపాటి టోన్ ఆర్మ్‌కి, అంటే కార్ట్రిడ్జ్‌ని మోసే చేతికి తగిలిస్తే, బిగుతు పట్టీలున్న లారీ ఖాళీగా పోతున్నట్టు ఎగిరెగిరి పడుతుంది. లోడు వేస్తేనే కుదురుగా నడుస్తుంది. లెక్క కూడా సులభమే. ఆర్మ్ బరువుకి కార్ట్రిడ్జ్, స్క్రూల బరువు కలిపి, దాన్ని కంప్లయన్స్‌తో గుణించి, వర్గమూలం తీసి, దానితో 159ని భాగించాలి. జవాబు ఆర్మ్, ముల్లు కలిసి తమంతట తాము ఊగే వేగం. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటే నిశ్చింత. ఆర్మ్ బరువు అంటే కాటా మీద తూచేది కాదు, కదిలేటప్పుడు ముల్లుకి తెలిసే బరువు. దాన్నే ఎఫెక్టివ్ మాస్ అంటారు.

ఆరు గ్రాముల ఆర్మ్‌కి ఈ లెక్క దాదాపు 14 దగ్గర తేలుతుంది. పన్నెండు గ్రాములకు పదకొండున్నర. చవక రకం కొత్త టర్న్‌టేబుళ్ళలో చాలావాటికి తేలిక ఆర్ములే ఉంటాయి. అందుకే నా ఆశంతా జపాన్ సెకండ్ హ్యాండ్ షాపుల మీద పెట్టుకున్నా.

ఒసాకాలో నిప్పొంబాషి అనే పేట ఉంది. అందరూ దెన్ దెన్ టౌన్ అంటారు. ఒకప్పుడు ఎలక్ట్రానిక్స్ సామానుకి పెట్టింది పేరు. ఇప్పుడు సగం పైగా కార్టూన్ బొమ్మల దుకాణాలే. శనివారం సాయంత్రం మా ఆఫీసు కుర్రాడు సురేష్ తోడొచ్చాడు, వాడిది భీమవరం. మూడో షాపు దాటేసరికి వాడికి కాళ్ళు లాగాయి. “అన్నా, ఇంత చిన్న ముక్క కోసం ఇంత తిరుగుడా? అదిగో, అది తీసుకోరాదా, చెక్క ఎంత బాగుందో!” అన్నాడు. చెక్క నిజంగానే బాగుంది. 1970ల నాటి బెల్ట్ డ్రైవ్ (మోటారు బెల్టుతో పళ్ళేన్ని తిప్పే రకం), ఎస్ ఆకారపు బరువైన ఆర్మ్, ధర పన్నెండు వేల యెన్‌లు. రూపాయల్లో ఏడు వేలు.

షాపాయన అనుమతి తీసుకుని పళ్ళెం ఎత్తి చూశాను. మోటారు పక్కన కప్పీ మీద చిన్న అక్షరాల్లో 60 అని ఉంది. అంతే, పళ్ళెం మళ్ళీ పెట్టేశాను.

జపాన్‌లో కరెంటు రెండు రకాలు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో టోక్యో వాళ్ళు జర్మనీ నుంచి 50 హెర్ట్జ్ జనరేటర్లు, ఒసాకా వాళ్ళు అమెరికా నుంచి 60 హెర్ట్జ్‌వి తెప్పించుకున్నారు. ఆ తేడా ఇప్పటికీ పోలేదు. షిజుఒకా దగ్గర ఫుజి నది స్థూలంగా సరిహద్దు. వోల్టేజ్ మాత్రం అంతటా 100. పాత బెల్ట్ డ్రైవ్‌లలో చాలావాటి మోటారు వేగం హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది. 60 కప్పీ ఉన్నదాన్ని మన 50 హెర్ట్జ్ కరెంటు మీద తిప్పితే నిమిషానికి 33 చుట్లు పోయి 28 కూడా రావు. ఘంటసాల గొంతు సుమారు మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజ్ తగ్గించుకోవచ్చు గానీ హెర్ట్జ్ మారదు. 50 కప్పీ విడిగా దొరుకుతుందా అని అడిగితే ఆయన చేతులు అడ్డంగా ఎక్స్ ఆకారంలో పెట్టాడు. జపాన్‌లో అది చాలు, ఇంక మాటలక్కర్లేదు.

ఆ మర్నాడు షింకాన్‌సెన్ బుల్లెట్ రైలెక్కి టోక్యో వెళ్ళా. దారిలో ఫుజి నది దాటుతుంటే అందరూ కొండ ఫొటోలు తీస్తున్నారు. నాకు నది మీదే ధ్యాస. తమాషా ఏమిటంటే, నది దాటి 50 హెర్ట్జ్ ప్రాంతంలోకి వచ్చినా ఆ రైలు మాత్రం టోక్యో దాకా 60 మీదే నడుస్తుంది. దానికోసం కరెంటును మార్చే కేంద్రాలు విడిగా కట్టుకున్నారు.

ఒచనొమిజు స్టేషన్‌లో దిగి వాలులోకి నడిస్తే వరసగా గిటార్ల దుకాణాలు, వాటి మధ్య పాత రికార్డుల, ఆడియో సామాన్ల షాపులు. ఒక షాపు పై అంతస్తులో యమహా జీటీ-2000 టర్న్‌టేబుల్ కనిపించింది. 28 కిలోలు. చేత్తో నిమిరి ముందుకు కదిలాను. దాని పక్కన టెక్నిక్స్ ఎస్ఎల్-10, ఎల్పీ కవరంతే ఉంటుంది, ముచ్చటైన వస్తువు. కానీ అందులోకి నేరుగా గుచ్చి పెట్టే టీ4పీ రకం కార్ట్రిడ్జ్‌లే దూరతాయి, నా దానికి చోటే లేదు.

చివరికి అకిహబారా వైపు ఒక చిన్న షాపులో టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే3 దొరికింది. 36 వేల యెన్‌లు, అంటే సుమారు 21 వేల రూపాయలు. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ 12 గ్రాములు. డైరెక్ట్ డ్రైవ్, అంటే బెల్టు లేకుండా మోటారే పళ్ళేన్ని తిప్పుతుంది, వేగాన్ని క్వార్ట్జ్ స్ఫటికం పట్టి ఉంచుతుంది కాబట్టి 50, 60 గొడవ లేదు. కార్ట్రిడ్జ్‌ని బిగించే ముందు భాగం, అదే హెడ్‌షెల్, ఊడుతుంది, అంటే బరువు పెంచుకునే వీలుంది.

డీజేలు వాడి వదిలేసిన సరుకు కావచ్చని ఆర్మ్‌ని పరీక్షిస్తూనే ఎక్కువసేపు కూర్చున్నా. వెనక గుండుని తిప్పుతూ ఆర్మ్ గాల్లో అడ్డంగా తేలేలా సరిచేసి, హెడ్‌షెల్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని ముందుకీ వెనక్కీ మెల్లగా కదిపా. బేరింగ్ అరిగి ఉంటే ఇక్కడే టిక్కుమని వేలికి తెలుస్తుంది. ఏమీ లేదు. ఆర్మ్‌ని బయటివైపు లాగే యాంటీ స్కేటింగ్ కొంచెం పెంచితే ఆర్మ్ ఎక్కడా ఆగకుండా బయటికి జారింది. వేగాన్ని కాస్త అటూ ఇటూ మార్చే పిచ్ మీట సున్నా దగ్గర కాస్త పట్టేస్తోంది, దానితో నాకు పని లేదు. మూత మీద గీతలున్నాయి. షాపాయన అవి వేలితో ఒక్కొక్కటే చూపించి మరీ బిల్లు రాశాడు.

హెడ్‌షెల్ కూడా అక్కడే కొన్నాను, ఆడియో టెక్నికా ఎల్‌హెచ్15. పేరులో ఉన్న పదిహేనే దాని బరువు గ్రాముల్లో. టెక్నిక్స్ వాళ్ళు ఇచ్చేది ఏడున్నర గ్రాములు. దీనితో లెక్క వేస్తే 10 హెర్ట్జ్ దగ్గరికొచ్చింది. నా కార్ట్రిడ్జ్‌కి ఇంతకంటే ఏం కావాలి?

ప్యాకింగ్‌లో పళ్ళెం, గుండు, హెడ్‌షెల్ మూడూ విడదీయాలి. పళ్ళెం బిగించి పంపితే దెబ్బ మోటారు ఇరుసు మీద పడుతుంది. ఆర్మ్‌ని మెత్తని తీగతో స్టాండుకి కట్టాను. కార్ట్రిడ్జ్ మాత్రం మళ్ళీ నా చొక్కా జేబులోనే.

హైదరాబాద్ చేరాక కోఠి గుజరాతీ గల్లీలో 230 నుంచి 100 వోల్టులకు దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించా. టర్న్‌టేబుల్ పదిహేను వాట్లు కూడా తినదు, పెద్దది అక్కర్లేదు. ముల్లు మీద రెండున్నర గ్రాముల భారం పెట్టి, బాస్ ఎక్కువున్న రికార్డు వేసి, స్పీకర్ కోన్లు చూశాను. అనవసరపు ఊగుడు లేదు. కాకపోతే ఈ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులే. నా ఆంప్లిఫయర్ అందుకు పది రెట్లకు పైగా అడిగే రకం. ప్రస్తుతానికి వాల్యూమ్ బాగా పెంచి వింటున్నా, వెనక సన్నగా హిస్ వస్తోంది. దీనికి ఈ చిన్న సిగ్నల్‌ని పెంచే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మంచిది కొందామంటే టర్న్‌టేబుల్ అంత ధర చెబుతున్నారు, చూడాలి.