ఇంటి దొంగ, కోడ్ నేమ్ డోనాల్డ్

బెర్లిన్‌కి వచ్చి నాలుగేళ్ళవుతోంది. చుట్టాలొస్తే బ్రాండెన్‌బర్గ్ గేటు, గోడ ముక్కలు చూపించి పంపేయడమే తప్ప లిచ్టెన్‌బర్గ్ వైపు ఎప్పుడూ పోలేదు. మొన్న శనివారం పార్కుకి పోదామంటే వాన, సరేలే అని మా ఆవిడా నేనూ యూ5 మెట్రో ఎక్కి స్టాజీ మ్యూజియంకి పోయాం.

స్టాజీ అంటే తూర్పు జర్మనీ రహస్య పోలీసులు. 1950లో మొదలైంది, 1957 నుంచి 1989 దాకా ఎరిక్ మియెల్కే ఒక్కడే దాన్ని ఏలాడు. ఆయన ఆఫీసు అలాగే ఉంచారు, చెక్క బీరువాలు, వరసగా ఫోన్లు, అచ్చం మన పాత కలెక్టరాఫీసే. పొద్దున టిఫిన్ ట్రేలో కప్పు ఎక్కడుండాలో, గుడ్డు ఎంతసేపు ఉడకాలో సెక్రటరీ రాసి పెట్టుకున్న కార్డు కూడా ఉంది. నవ్వొచ్చింది గానీ, గుడ్డు దగ్గరే ఇంత లెక్కుంటే మనుషుల దగ్గర ఎంతుంటుంది?

ఆ దేశం జనాభా కోటీ 60 లక్షలు. జీతం తీసుకునే స్టాజీ వాళ్ళే 91 వేలు, వాళ్ళు కాక లక్షా 70 వేలకి పైగా మామూలు జనం, పక్కింటాయన, కొలీగు, డాక్టరు, లోపాయికారీగా కబుర్లు మోసేవాళ్ళు. ఉత్తరాలు ఆవిరి పట్టి తెరిచి మళ్ళీ అంటించేవాళ్ళు. అనుమానం ఉన్నవాణ్ణి కుర్చీలో పసుపు గుడ్డ మీద కూర్చోబెట్టి, వాడి ఒంటి వాసన పట్టిన ఆ గుడ్డని సీసాలో పెట్టి మూత బిగించేవాళ్ళంట, రేపు ఎక్కడైనా సర్కారుకి వ్యతిరేకంగా కరపత్రం దొరికితే కుక్కలకి వాసన చూపించడానికి. అచ్చం మా అమ్మమ్మ ఆవకాయ జాడీల్లా అరలో పెట్టారు, మా ఆవిడ ముక్కు మూసుకుంది, అద్దం వెనకున్నా కూడా.

నన్ను భయపెట్టింది ఇవేవీ కాదు. 1976లో ఒక రూల్ పెట్టారు, జెర్‌జెట్సుంగ్ అంటారు, అంటే మనిషిని లోపలినుంచి కుళ్ళబెట్టడం. డెబ్బైల్లో బయటి దేశాల ముందు పరువు కావాలి, ఊరికే జైల్లో వేస్తే గోల, అందుకని సైలెంట్‌గా ఉద్యోగం ఊడగొట్టడం, మొగుడూపెళ్ళాల మధ్య పుల్లలు పెట్టడం, ఫ్రెండ్స్‌లో ఇతనే ఇన్‌ఫార్మర్ అని పుకారు లేపడం, ఇంట్లో లేనప్పుడు దూరి వస్తువులు అటూ ఇటూ మార్చిపెట్టడం. ఎవరికి చెప్పుకుంటావ్? నా అలారం ఎవరో మార్చారు అంటే పిచ్చి పట్టిందంటారు.

వేరా వోలెన్‌బెర్గర్ అని ఒకావిడ, శాంతి ఉద్యమంలో ఉందని అధికార పార్టీలోంచి తీసేశారు. 1988 జనవరిలో సర్కారు వాళ్ళ ఊరేగింపుకే బ్యానర్ పట్టుకుని బయల్దేరితే దారిలోనే అరెస్టు చేశారు. బ్యానర్ మీద రాసింది ఏంటయ్యా అంటే వాళ్ళ సొంత రాజ్యాంగంలోని 27వ ఆర్టికలే, ప్రతి పౌరుడూ తన అభిప్రాయం చెప్పొచ్చని! జైల్లో పెట్టి, తర్వాత ఇంగ్లండ్‌కి పంపేశారు. తిరిగొచ్చింది 1989 నవంబర్ 9న, అంటే సరిగ్గా గోడ తెరుచుకున్న రోజే. తర్వాత ఎంపీ కూడా అయింది. అన్నీ అయ్యాక స్టాజీ దాచుకున్న ఫైళ్ళ పుణ్యమా అని తెలిసిందేంటంటే, ఏళ్ళ తరబడి ఆవిడ గురించి స్టాజీకి కబుర్లు మోసిన ‘డోనాల్డ్’ కట్టుకున్న మొగుడే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈశ్వరుడు పట్టలేదు గానీ కాగితం పట్టించింది.

ఆ కాగితాలు మిగలడం కూడా జనం చలవే. చివరి రోజుల్లో స్టాజీ వాళ్ళు ఆఫీసుల్లో కూర్చుని చేతుల్తో చింపుతుంటే, 1989 డిసెంబర్‌లో ఎర్ఫుర్ట్‌లో ఆడవాళ్ళు ముందుగా లోపలికి దూరారు, 1990 జనవరి 15న బెర్లిన్‌లో ఈ బిల్డింగ్‌లోకే దూరారు. చింపిన ముక్కలే దాదాపు 16 వేల బస్తాలు, 1995 నుంచి అతికించడం మొదలెట్టారు, అయింది కొద్ది వంతే. చింపకుండా దొరికినవి వరసగా పెడితే 111 కిలోమీటర్లు. 1992 నుంచి ఎవరి ఫైల్ వాళ్ళు అప్లికేషన్ పెట్టుకుని చూసుకోవచ్చు.

తిరిగొచ్చేటప్పుడు ట్రైన్లో మా ఆవిడ, "ఏవండీ, మీకే ఫైలుంటే తెరిచి చూస్తారా?" అంది. చూడకపోతే నిద్రపట్టదు కదా అన్నా. "నేనైతే చూడను, అందరితో మళ్ళీ మాట్లాడాలి కదా" అని కిటికీలోకి తిరిగింది. ఆ సొరంగంలో చూడ్డానికి ఏముంటుంది, అద్దంలో మా ఇద్దరి మొహాలే.